మూడు వేళ్ల ముద్ద

నుమాయిష్ మైదానం, హైదరాబాద్
4-1-1987

చెల్లె దేవవ్వా,

ముందుగా నీ కడుపులో ఉన్న బుడ్డోడికి పెద్దమ్మ ముద్దులు. ఆ తరువాతే నీకు. తోడికోడలివి కదా, రెండో వరుసలో నిలబడు.

మేం బాగానే చేరాం. మన మండలి తిరుపతమ్మ మాత్రం కామారెడ్డి దాటేదాకా కక్కుతూనే ఉంది. పసుపు బస్తాల మీద పడకుండా దాని తల పట్టుకొని కూర్చోవడమే నా ప్రయాణం. దుకాణం చిన్నది. పైన రేకులు, ముందొక బల్ల, వెనుక ఇద్దరం ముడుచుకొని పడుకునేంత జాగా. "ఎడపల్లి మహిళా మండలి, అసలైన పసుపు" అని బోర్డు కట్టారు. ఆ బోర్డు చూసి నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. మండలి ఆడవాళ్లందరం చేతులు బొబ్బలెక్కేదాకా దంచిన పసుపు కదా. అర్జీ మీద అర్జీ పెడితే ఇన్నేళ్లకు దొరికిన జాగా కదా.

ఇక్కడి ఆఫీసు బాబు మొదటి రోజే వచ్చి, "చూడమ్మా, ఈ ఎగ్జిబిషన్ నెలన్నర నడుస్తుంది. మధ్యలో ఒక్కరోజు పరదా దించి కనిపించినా వచ్చే ఏడు ఈ జాగా ఇంకొకరికి పోతుంది" అన్నాడు. నేనూరుకుంటానా? "అయ్యా, మేం ఎడపల్లోళ్లం. చెరుకు కొట్టుటానికి పొద్దుగాల వంగితే మాపటికి నడుం లేపుతం. గీ నిలవడుడు మాకో లెక్కనా?" అన్నాను. ఆయన నవ్వి పోయాడు. ఎందుకు నవ్వాడో తెలియలేదు.

నువ్వు బరువులెత్తకు. మీ బావ చక్కెర ఫ్యాక్టరీ సీజను అయ్యేదాకా బోధన్ వదిలి రాడు, కాబట్టి ఇంట్లో పనంతా నీ మొగుడితో చేయించు. పోయిన రెండు సార్లలాగా ఈసారి కానివ్వనని పోచమ్మకు మొక్కుకొని వచ్చాను. నా కడుపు ఎట్లాగూ పండలేదు. ఈ బుడ్డోడు మనిద్దరి వాడు, గుర్తు పెట్టుకో.

మన వాడకట్టు బాలనర్సయ్య మేం వచ్చిన బస్సుకే కండక్టరు కాబట్టి పోస్టు కోసం చూడనక్కర లేదు. వారానికి రెండుసార్లు వస్తానన్నాడు. జవాబు అతని చేతికే ఇవ్వు.

నీ అక్క,
గంగుబాయి


ఎడపల్లి
8-1-1987

అక్కా,

రెండో వరుసలోనే నిలబడి ఉత్తరం చదువుకున్నాను. బుడ్డోడికి కూడా వినిపించాను. ముద్దుల దగ్గర ఒక్క తన్ను తన్నాడు. నిజమక్కా, మొదటిసారి తన్నాడు. నీళ్ల బిందె పక్కన పెట్టి గోడకు ఆనుకొని నిలబడిపోయాను. నువ్వుంటే నీ చెయ్యి తీసుకొని కడుపు మీద పెట్టుకునేదాన్ని.

బిందె అన్నానని తిట్టకు. సగం బిందే.

నువ్వు గొప్పలు పోతున్నావు గాని, చెరుకు కొట్టడం వేరు, నిలబడటం వేరు. చెరుకు చేనులో కాలూ చెయ్యీ కదులుతాయి. నువ్వు బండ మీద నిలబడి నవ్వుతూ ఉండాలి. నవ్వడం కూడా కష్టమే. ఇంట్లో నీకు అది అలవాటు లేదాయె. ఒక ఇటుక తెచ్చి బల్ల కింద పెట్టుకో. కాసేపు ఒక కాలు దాని మీద, కాసేపు ఇంకో కాలు. పడుకునే ముందు వేడి నీళ్లలో ఉప్పు వేసి పాదాలు పెట్టు. మధ్యాహ్నం జనం లేనప్పుడు ఒకరి తరువాత ఒకరు కునుకు తీయండి.

మలీద ముద్దలు పంపుతున్నాను. కొత్త బెల్లం, జొన్నరొట్టె, నెయ్యి. పొద్దు గుంకే వేళకు కాళ్లు లాగినప్పుడు ఒక ముద్ద తిని చెంబు నీళ్లు తాగు. దీపాలు పెట్టేసరికి మళ్లీ మనిషివవుతావు. ముద్ద మీద మూడే గీతలున్నాయేమని తిరుపతమ్మ ఎకసెక్కాలాడితే చెప్పు, మిగతా రెండు వేళ్లను మా పుట్టింటి బెల్లం గానుగ చిన్నప్పుడే తినేసిందని.

వాడు మనిద్దరి వాడే. కాదన్నదెవరు? రాత్రిళ్లు ఏడిస్తే మాత్రం నీ పక్కలోనే పడేస్తాను.

నీ చెల్లె,
దేవవ్వ


నుమాయిష్ మైదానం
12-1-1987

చెల్లె,

తన్నాడా! బాలనర్సయ్య ముందే గట్టిగా అరిచాను. బస్టాండంతా మా వైపు చూసింది. "ఏమైందక్కా?" అంటే, "మావోడు తన్నిండు" అన్నాను. పాపం, ఎవరు ఎవరిని తన్నారో అతనికి అర్థం కాలేదు.

ఇక్కడ అంతా మంచిగా ఉంది. వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం. తిరుపతమ్మ చలాకీగా ఉంది. కాళ్లు ఏమీ లాగడం లేదు. ఇటుక పెట్టుకున్నాను. ముద్దలు అమృతమే. నా గురించి బెంగ వద్దు.

మైదానం నిండా జనం. కాశ్మీరు శాలువలు, లక్నో బట్టలు, ఏవేవో యంత్రాలు. ఒకడు చక్రం తిప్పి కూరగాయలు తరుగుతూ పొద్దున్నుంచి మాట్లాడుతూనే ఉంటాడు. నోరా అది, పిండిమరా అనిపిస్తుంది. మా పక్క దుకాణం అనసూయమ్మది. గుంటూరు వైపు మనిషి, పచ్చళ్లు అమ్ముతుంది. ఏటేటా వస్తుందట. "గొంతు కూడా సరుకేనమ్మా, ఇలా పొద్దున్నే కుమ్మరించేస్తే సాయంత్రానికి ఏం అమ్ముతావు?" అంటుంది.

వాడు మళ్లీ తన్నితే ఏ పూట తన్నాడో రాసి పెట్టు.

నీ అక్క,
గంగుబాయి


ఎడపల్లి
16-1-1987

అక్కా,

అబద్ధాలు రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది? నిన్న తిరుపతమ్మ బాలనర్సన్న బస్సులోనే ఇంటికొచ్చింది. మీ చలాకీ తిరుపతమ్మ! కాళ్లు వాచి చెప్పులు చేతిలో పట్టుకొని దిగింది. ఒళ్లు కాలిపోతున్నది.

అంతా కక్కించాను. "గంగక్క నిలవడే తింటది, నిలవడే కునుకుతది. నీళ్లు తాగితే బయటికి పోవాలె, పోతే దుకాణం ఎవరు సూస్తరని నీళ్లే తాగది. గొంతు పోయి పిల్లి లెక్క అంటున్నది. నన్ను మాత్రం బలిమిని బస్సెక్కిచ్చింది" అన్నది.

మండలిలో అందరి గడపా తొక్కాను. పసుపు తవ్వకాలు మొదలయ్యాయి కదా, ఒక్కతి కూడా వచ్చేట్టు లేదు. ఒకామెకు అత్త, ఒకామెకు మొగుడు, ఒకామెకు తవ్విన పసుపు ఉడకేసే పొయ్యి. నేనే వస్తానంటే మీ మరిది, "కడుపుల పిల్లను పెట్టుకొని ఏడికి బోతవే?" అని వాకిట్లో అడ్డంగా కూర్చున్నాడు. ఏం చేయను? నాకేం చేతనవుతుంది, ఈ ముద్దలు చేయడం తప్ప?

కాబట్టి నా మాట విను. నీళ్లు తాగు. ఆ అనసూయమ్మ కాళ్లు పట్టుకొనైనా సరే, పోయి వచ్చేంతసేపు దుకాణం చూడమను. మాట్లాడటం తగ్గించు. చిన్న పొయ్యి పెట్టి, గిన్నెలో కాసింత నెయ్యి కాచి, చిటికెడు పసుపు వెయ్యి. వాసనే జనాన్ని పిలుస్తుంది, నీ గొంతు మిగులుతుంది. బస్తా మీద కూర్చొని తిను. మన పసుపే కదా, మహాలక్ష్మేమీ కోప్పడదు.

ఇంకొకసారి అబద్ధం రాస్తే బుడ్డోడికి నీ గురించి ఒక్క మంచి మాట చెప్పను.

దేవవ్వ


నుమాయిష్ మైదానం
21-1-1987

చెల్లె,

దొరికిపోయాను. తిరుపతమ్మ నోట్లో నువ్వు గింజ నానదు, దానితో ఒట్టేయించుకోవడం నాదే బుద్ధి తక్కువ.

అవును, అలసిపోయాను. రాయొద్దనుకున్నాను గాని రాస్తున్నాను. అరికాళ్లు నిప్పుల్లా ఉంటాయి. సాయంత్రం దీపాలు పెట్టగానే ఎక్కడి జనమో వచ్చి పడతారు. ప్రతి మనిషికీ అదే మాట, అదే నవ్వు. ఒకరోజు నవ్వి నవ్వి దవడలు పట్టేశాయి. ఆఫీసు బాబు ఎందుకు నవ్వాడో ఇప్పుడు తెలిసింది.

కాని నీ మాటలు విన్నాక నయం. నెయ్యి వాసనకు జనం ఆగుతున్నారు. అనసూయమ్మ కాళ్లు పట్టుకోలేదు గాని, ఒక ముద్ద చేతిలో పెట్టాను. తిని, "మీ తెలంగాణా వాళ్ల చేతుల్లో ఇంత తీపి ఉందని ఎవరూ చెప్పలేదే!" అన్నది. అప్పటి నుంచి నేను బయటికి పోయి వచ్చేంతసేపు రెండు దుకాణాలకూ ఆమే అరుస్తుంది. నీళ్లు తాగుతున్నాను. ఇది అబద్ధం కాదు.

దీపాల వేళకు బస్తా మీద కూర్చొని ముద్ద తీస్తాను. ఆ మూడు గీతల్లో నా వేళ్లు పెట్టి పట్టుకుంటాను. నువ్వు నా చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుంది. తిన్నాక లేచి నిలబడగలుగుతాను. ఎట్లా నిలబడతానో నాకే తెలియదు.

నిన్న ఒకామె వచ్చింది, బిడ్డకు శ్రీమంతమని. "మంచి పసుపు కావాలమ్మా, శుభానికి" అన్నది. బస్తా అడుగు నుంచి తీసి ఇచ్చాను. ఇచ్చాక ఆగలేక, కొమ్ములు ఏరి దంచిన మంచి పసుపు ఒక పొట్లం కట్టి పక్కన పెట్టేశాను. నేను వచ్చాక నీ ఒడి నింపాలి కదా. దాన్ని ఎవరడిగినా అమ్మను.

నీ అక్క,
గంగుబాయి


ఎడపల్లి
27-1-1987

అక్కా,

నీ ఉత్తరం అందింది. మేం బాగున్నాం. బుడ్డోడు బాగున్నాడు. పసుపు ఉడకేసే పని ఎక్కువగా ఉంది, అందుకే జవాబు ఆలస్యమైంది. ఎక్కువ రాయలేను. ముద్దలు పంపుతున్నాను. వేళకు తిను.

దేవవ్వ


నుమాయిష్ మైదానం
29-1-1987

దేవవ్వా,

ఏమైంది?

డబ్బా మూత తీయగానే తెలిసిపోయింది. ఇవి నీ ముద్దలు కావు. ఒక్కొక్కటి గుండ్రాయంత ఉంది. గీతలు మూడు కాదు, ఐదు. బెల్లం ఒక దగ్గర గడ్డగా ఉంది, ఇంకొక దగ్గర లేనే లేదు. ఇది ఆడదాని చెయ్యి కాదు. చంద్రయ్య చెయ్యి. పొయ్యి ఎటు తిరిగి ఉంటుందో తెలియని నా మరిది రోకలి పట్టాడంటే ఊరికే పట్టడు.

నువ్వేమో మేం బాగున్నాం అని రాశావు. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. నన్ను తిట్టకుండా నువ్వు ఉత్తరం రాస్తావా?

బాలనర్సయ్యను నిలదీశాను. టికెట్ల సంచి సర్దుకుంటూ, "అంత మంచిగనే ఉన్నరక్కా" అన్నాడు. నా మొహం చూడలేదు.

నిలబడే ఆలోచించాను. బయటుండే రోజులు కావు నీకు, పొయ్యి ముట్టకుండా ఉండటానికి. అంటే డాక్టరమ్మ మంచం దిగొద్దన్నదన్నమాట. పోయినసారి కూడా అట్లాగే అన్నది కదా. అదే అయి ఉంటుంది. ఇంకో మాట ఏదో మనసులోకి వస్తుంటే తన్ని తరిమేశాను. రానివ్వను.

వచ్చేయనా? ఒక్క మాట రాయి, పరదా దించి వచ్చేస్తాను. జాగా పోతే పోనీ. మండలి వాళ్లు తిడితే తిట్టనీ. లేదంటే నిజం చెప్పి పండుకో. ఎడమ పక్కకు తిరిగి పండుకో. కాళ్ల కింద బొంత మడిచి పెట్టించు. గంజిలో ఉప్పేసుకొని తాగు. నాకు చెప్పినవన్నీ నువ్వు చెయ్యి. నిలబడేదాన్ని నేను, పడుకునేదానివి నువ్వు. ఇద్దరం మన పని మనం చేద్దాం.

ఆ గుండ్రాళ్లు కూడా తింటున్నాను. చంద్రయ్యకు చెప్పు, వదినె పండ్లు ఇంకా ఊడలేదని.

గంగుబాయి


ఎడపల్లి
1-2-1987

అక్కా,

నువ్వు కనిపెట్టేశావు. మంచం దిగొద్దన్నారు. పండుకొనే ఉన్నాను. ముద్దలు ఆయనే చేస్తున్నాడు. నేను మంచంలో నుంచి చెబుతుంటే దంచుతున్నాడు.

రావద్దు. నువ్వు వస్తే నా మీద ఒట్టే. పరదా దించితే అందరి కష్టం మట్టిలో కలుస్తుంది. బంగారంలాంటి జాగా.

నువ్వు రాసినట్టే ఎడమ పక్కకు తిరిగి పండుకుంటున్నాను. ఇంకా రాయి అక్కా. బుడ్డోడికి ఏమేం చేస్తావో, వాడు పుట్టాక ఏం చేస్తావో అన్నీ రాయి. పొద్దు పోవడం లేదు. నీ ఉత్తరం వస్తే పది సార్లు చదువుకుంటాను.

దేవవ్వ


నుమాయిష్ మైదానం
5-2-1987

నా తల్లీ,

హమ్మయ్య. ఊపిరి పీల్చుకున్నాను. మంచం దిగకపోవడమే కదా, ఆ మాట ముందే చెబితే నీ సొమ్మేం పోయేది?

ఇక విను. బుడ్డోడికి ఎర్ర కుల్లాయి కొన్నాను. కాశ్మీరు దుకాణమాయన, "బచ్చా ఎంత పెద్దోడు?" అని అడిగాడు. నేను చేతులతో ఇంత అని చూపించాను. ఇంకా పుట్టలేదంటే ఆయన నవ్వి, ఒక గిలక్కాయ ఊరికే ఇచ్చాడు. దాన్ని దుకాణం గుంజకు కట్టాను. గాలి వచ్చినప్పుడు మోగుతుంది. కాళ్లు లాగినప్పుడు నేనే ఒకసారి మోగిస్తాను. అనసూయమ్మ, "ఇదేం దుకాణమమ్మా, ఉయ్యాల కట్టినట్టుంది" అంటుంది.

వాడిని నేను చేనుకు తీసుకుపోతాను. నువ్వు అడ్డం చెప్పొద్దు. చెరుకు ముక్క నమలడం నేర్పుతాను. బోధన్ ఫ్యాక్టరీ కూత వినిపిస్తే "అగో, మీ పెదబాపు పిలుస్తున్నాడు" అని చెబుతాను. బడికి మాత్రం నువ్వే పంపు, ఏడిస్తే నేను చూడలేను. వాడికి పేరు కూడా అనుకున్నాను గాని ముందే చెప్పొద్దంటారు. వచ్చాక చెవిలో చెబుతాను.

మన పసుపు బాగా పోతున్నది. ఒకామె మూడోసారి వచ్చింది. ఆఫీసు బాబు మొన్న ఆగి, "నిలబడ్డావే, ఎడపల్లీ!" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోను. ఎట్లా నిలబడ్డానంటే నీ వల్ల, ఆ బుడ్డోడి వల్ల. కాళ్లు ఇక నా వల్ల కాదన్నప్పుడల్లా వాడు గుర్తొస్తాడు. వాడు అక్కడ పెరుగుతున్నాడు, నేను ఇక్కడ నిలబడుతున్నాను, ఇద్దరం ఒక్కసారే ఇంటికొస్తాం అనుకుంటాను.

మంచం దిగకు. నీ మీద ఒట్టు కాదు, వాడి మీద ఒట్టు.

మీ ఇద్దరి
గంగుబాయి


ఎడపల్లి
9-2-1987

అక్కా,

బుడ్డోడు లేడు.

ఇది రాయడానికి రెండు రోజులు పట్టింది. ఇంకొన్ని రోజులు పోతే నువ్వే వచ్చి గడపలో నిలబడి నా పొట్ట వైపు చూస్తావు. అప్పుడు నీ మొహం నేను చూడలేను. అందుకే రాస్తున్నాను.

శ్రీమంతం పొట్లం పక్కన పెట్టానని రాశావే, ఆ ఉత్తరం బాలనర్సన్న తెచ్చిచ్చిన రోజే నొప్పులు మొదలయ్యాయి. మీ మరిది జీపు మాట్లాడి బోధన్ దవాఖానకు బయలుదేరదీశాడు. దారిలోనే అయిపోయింది. నేనేం తప్పు చేశానో తెలియదు అక్కా. బిందె ఎత్తడం ఎప్పుడో మానేశాను. నువ్వు చెప్పినవన్నీ చేశాను.

బుడ్డోడు కాదక్కా. ఆడపిల్ల. మనం ఇన్నాళ్లూ వాడు, వాడు అనుకున్నాం. జీపులో వెంట వచ్చిన మంత్రసాని ముత్తవ్వ కడిగి గుడ్డలో చుట్టింది. ఒక్కసారే చూపించింది. నుదురు మీ మరిదిది. వేళ్లు చూశాను. అన్నీ ఉన్నాయి. చెరుకు చేను గట్టున మట్టిలో పెట్టి వచ్చారు.

మైల కదా, నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. బాలనర్సన్న బస్సు పోయే రోజు దగ్గర పడింది. ముద్దలు ఆగిపోతే నీకు అనుమానం వస్తుంది, తిండి లేక కూలబడిపోతావు. మీ మరిదితో చెబితే, "ఇప్పుడు ముద్దలేందే, నీకు పిచ్చా?" అన్నాడు. మళ్లీ ఆయనే లేచి రోకలి అందుకున్నాడు. దంచుతూ ఏడ్చాడు. రోకలి చప్పుడులో నాకు వినబడదనుకున్నాడు.

ఎవరూ నీకు చెప్పొద్దని నేనే ఒట్లు వేయించాను. బాలనర్సన్నను, తిరుపతమ్మను, బావను కూడా. ఇంటి మైల నీకూ ఉంటుంది. తెలియక ఆ చేతులతోనే శుభాలకు పసుపు కట్టిచ్చావు. పాపమంటూ ఉంటే అది నా తల మీదే పడనీ.

మొదట దుకాణం కోసమే దాచాను. తరువాత దుకాణం కోసం కాదు. ఇక్కడ ఎవరూ దాని మాట ఎత్తరు. వచ్చినవాళ్లు, "మళ్లైతది తియ్యి" అని చాయ తాగి పోతారు. నువ్వొక్కదానివే ఎట్లా ఉన్నాడని అడిగావు. ఎడమ పక్కకు తిరిగి పండుకో అన్నావు. కడుపు ఖాళీ అని తెలిసి కూడా తిరిగి పండుకున్నాను. కుల్లాయి కొన్నావు. నీ ఉత్తరాల్లో అది ఇంకా బతికే ఉంది అక్కా. ఈ ఉత్తరం బాలనర్సన్నకు ఇచ్చేస్తే అక్కడ కూడా పోతుంది.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. పరుగెత్తుకు రావద్దు. నువ్వు మధ్యలో వస్తే అది చావింటికి వచ్చినట్టే ఉంటుంది. రావాల్సిన రోజునే, నుమాయిష్ నుంచి వచ్చినట్టే రా. ఇంకొక్క ఉత్తరం రాయి. అది ఉన్నట్టే రాయి. ఒక్కటి చాలు. తరువాత అడగను.

నీ చెల్లె,
దేవవ్వ


నుమాయిష్ మైదానం
11-2-1987

చెల్లె దేవవ్వా,

ముందుగా నా బిడ్డకు పెద్దమ్మ ముద్దులు. ఆ తరువాతే నీకు.

చిన్నది ఎట్లుంది? తన్నుతున్నదా? బాగా తన్నమను. ఆడపిల్లకు కాళ్లల్లో బలం ఉండాలి, ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో ఎవరికి తెలుసు.

ఇన్నాళ్లూ బుడ్డోడా అని పిలిచినందుకు అలిగిందేమో, నేను తప్పు ఒప్పుకున్నానని చెప్పు. ఎర్ర కుల్లాయి ఆడపిల్లకు ఇంకా బాగుంటుంది. గిలక్కాయ గుంజకే ఉంది. ఈ రోజు గాలి లేదు, అయినా నేనే మోగించాను. పేరు మార్చాలి కదా, అది కూడా అనుకున్నాను. వచ్చాక చెవిలో చెబుతాను.

ఎండాకాలం రాగానే దాన్ని చంకనేసుకొని చేనుకు పోతాను. గట్టు మీద కూర్చోబెట్టుకుంటాను. ఎండ తగలకుండా కొంగు కప్పుతాను. నువ్వు కూడా రా. ముగ్గురం కూర్చుందాం.

అక్షరాలు అలికినట్టుంటే పసుపు చెయ్యి తగిలిందనుకో.

దుకాణం తెరిచే ఉంది. ఈ పూట నెయ్యి కాచలేదు, పసుపు ముట్టలేదు. అనసూయమ్మ ఎందుకని అడగలేదు, నా బల్ల ముందు కూడా తనే నిలబడి అమ్ముతున్నది. పక్కన పెట్టిన పొట్లం అట్లాగే ఉంది. ఎవరికీ ఇవ్వలేదు.

ఈసారి ముద్దలు నేను పంపుతున్నాను. అనసూయమ్మ పొయ్యి మీద రొట్టె కాల్చాను, బెల్లం బజారులో దొరికింది. మన బెల్లంలా లేదు. ముద్ద కట్టబోతే విరిగిపోతున్నది. ఎట్లా కడతావో ఎప్పుడూ సరిగా చూడలేదు. చివరికి రెండు వేళ్లు మడిచి, మూడు వేళ్లతో ఒత్తాను. అప్పుడు నిలిచింది.

రెండే అయ్యాయి. ఒకటి నీకు, ఒకటి బిడ్డకు. దాని వాటా కూడా నువ్వే తినాలి చెల్లె. తిని నీళ్లు తాగి పండుకో.

మీ ఇద్దరి
గంగుబాయి